మిరప చేను, కంప్యూటర్ ల్యాబ్: ఉమ్మడి పరిశోధన ఎక్కడ మొదలుపెట్టాలి?

ముందు మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో చెబుతాను. మీరు వ్యవసాయ కళాశాలలో మొక్కల తెగుళ్ల విభాగంలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరి రెండేళ్లయింది. దగ్గర్లోని ఇంజినీరింగ్ కాలేజీ కంప్యూటర్ సైన్స్ వాళ్లు, మిరప తెగుళ్లను ఫోటోలతో గుర్తించే ప్రాజెక్టు కలిసి రాద్దాం రమ్మంటున్నారు. మీ విభాగంలో సీనియర్లు మాత్రం "ఎండ మనది, పేపర్ వాళ్లది అవుతుంది, ఎందుకొచ్చిన టెన్షన్" అని వెనక్కి లాగుతున్నారు. వెళ్లాలా, వద్దా? వెళ్తే దేనితో మొదలుపెట్టాలి? పేర్ల దగ్గర, డబ్బు దగ్గర గొడవ రాకుండా ఎలా? ఇవీ మీరు అడిగినవి.

వెళ్లండి. నేను మొక్కల తెగుళ్ల శాస్త్రంలో ముప్ఫై ఏళ్లకు పైగా పనిచేసి రిటైరయ్యాను. వేరే శాఖల వాళ్లతో కలిసి చేసిన పనులు అయిదారు ఉన్నాయి. అందులో రెండు రైతుకు పనికొచ్చేదాకా వెళ్లాయి, ఒకటి పూర్తిగా చెడింది, మిగిలినవి రిపోర్టులుగా బీరువాలో ఉండిపోయాయి. నిలిచిన రెండింట్లోనూ ప్రపోజల్ రాయకముందే ఒక పని జరిగింది. రెండు శాఖల వాళ్లమూ చేలో నిలబడి, ఫీల్డ్ బుక్‌లో ఒక వరుస అంటే ఏమిటి, దేన్ని చూసి ఏమని రాస్తాం అన్నది తేల్చుకున్నాం. చెడినదాంట్లో ఆ పని జరగలేదు. అందుకే వాళ్లు పంపిన ప్రపోజల్ ఫారాన్ని నింపడం ఇవాళ మొదలుపెట్టకండి. ముందు ఆ కంప్యూటర్ సైన్స్ సార్‌ను, ఇద్దరు విద్యార్థులను ఒక పూట మిరప చేలోకి తీసుకెళ్లండి.

ఎందుకో మీ పంటతోనే చెబుతాను. "ఆకు ముడత" అన్న మాట కంప్యూటర్ వాళ్లకు ఒక లేబుల్, అంటే ఫోటోకు తగిలించే పేరు. మనకు అది కనీసం మూడు జబ్బులు. తామర పురుగులు ఆకును గీకి రసం పీలిస్తే అంచులు పైకి లేచి ఆకు పడవలా అవుతుంది, అది పై ముడత. తెల్లనల్లి పడితే అంచులు కిందికి తిరిగి బోర్లించిన పడవలా ఉంటుంది, కాడ సాగుతుంది, ఆకు ముదురాకుపచ్చకు మారుతుంది, అది కింది ముడత. తెల్లదోమ మోసుకొచ్చే జెమిని వైరస్ అయితే ఆకులు చిన్నవై, ఈనెల మధ్య ఉబ్బి, మొక్క గిడసబారి గుబురుగా అయిపోతుంది. మూడింటినీ రైతు ఫోన్‌లో "సార్, ముడత వచ్చింది" అనే చెబుతాడు. కానీ నల్లికి లీటరు నీటికి 3 గ్రాముల నీటిలో కరిగే గంధకం పనిచేస్తుంది, తామర పురుగుకు దానితో లాభం లేదు. వైరస్‌కు మందే లేదు, దోమను ఆపుకోవాలి, తొలి మొక్కల్ని పీకి కాల్చేయాలి. అంటే పేరు తప్పితే ట్యాంకులో మందు తప్పుతుంది. ఎకరానికి లక్షల్లో పెట్టుబడి పెట్టే పంటలో అది చిన్న తప్పు కాదు.

నాతో పనిచేసిన కంప్యూటర్ సైన్స్ సార్ మొదటిసారి చేలోకి వచ్చిన రోజు నాకు బాగా గుర్తుంది. అప్పటికే వాళ్ల విద్యార్థులు రెండు వేలకు పైగా ఫోటోలు తీసి పెట్టుకున్నారు. అన్నీ నిలబడి, ఫోన్ కిందికి వంచి, పైనుంచి తీసినవే. నేను పది రెట్లు పెద్దది చేసి చూపించే భూతద్దం ఒకటి ఆయన చేతిలో పెట్టి, కొసన ఉన్న లేత ఆకు తిరగేసి చూడమన్నాను. సాలు మధ్య గొంతుక్కూర్చుని పది నిమిషాలు కదల్లేదు. ఈనె పక్కన రవ్వంత కూడా లేని, నీటిబొట్టులా మెరిసే పురుగులు నడుస్తుంటే చూస్తూ ఉండిపోయాడు. తర్వాత లేచి, "సార్, పురుగు ఆకు కింద ఉంది, మేం ఫోటో పైనుంచి తీస్తున్నాం. మరి మా ఫోటోలో ఉన్నది ఏమిటి?" అన్నాడు. ఆ రెండు వేల ఫోటోలను ఆయనే పక్కన పెట్టించాడు. ఆ ఒక్క ప్రశ్న మా ప్రాజెక్టును నిలబెట్టింది. కార్యాలయంలో ఎన్ని మీటింగులు పెట్టినా అది వచ్చి ఉండేది కాదు.

మర్నాటి నుంచి పద్ధతి మార్చాం. మొక్కకు మూడు ఫోటోలు: పైనుంచి ఒకటి, ఆకు తిరగేసి ఒకటి, కొసను పక్కనుంచి ఒకటి. ఫోటోను చూసి పేరు పెట్టడం మానేశాం. భూతద్దంతో చూసి, పురుగుల్ని లెక్కపెట్టి, ఆ లెక్క రాసిన తర్వాతే పేరు. ఇంకో పని కూడా చేశాం, మీరు కూడా తప్పకుండా చేయండి. నేను, మా పురుగుల విభాగం సహోద్యోగి ఒకే వంద మొక్కలకు విడివిడిగా, ఒకరిది ఒకరు చూడకుండా పేర్లు రాశాం. సాయంత్రం పక్కపక్కన పెట్టి చూస్తే చాలాచోట్ల కుదరలేదు! పాతికేళ్ల అనుభవం ఉన్న ఇద్దరికే కుదరనిది యంత్రానికి నేర్పడం ఎలా? చర్చిస్తే తేలింది ఏమిటంటే, మేం గొడవపడిన మొక్కల్లో ఎక్కువవాటి మీద నల్లి, తామర పురుగు రెండూ ఉన్నాయి. ఒక్క పేరు రాయడానికే ఫీల్డ్ బుక్‌లో గడి పెట్టుకున్నాం కాబట్టి ఇద్దరం చెరొకటి రాశాం. గడులు రెండు చేశాం, గొడవ పోయింది. లోపం పట్టికలో ఉందని తెలియడానికి రెండు శాఖల వాళ్లం ఒకచోట కూర్చోవాల్సి వచ్చింది.

ఇది మన చేనుకే పరిమితమైన సంగతి కాదు. ఆకు ఫోటోలతో తెగులు గుర్తించే పనిలో అందరూ మొదట పట్టుకునేది ప్లాంట్‌విలేజ్ ఫోటోల సేకరణ. 14 పంటలు, 26 తెగుళ్లు, 54,306 ఫోటోలు. 2016లో వచ్చిన పేపర్‌లో, ఆ సేకరణలోంచే పక్కన పెట్టిన ఫోటోల మీద పరీక్షిస్తే కంప్యూటర్ 99.35 శాతం సరిగ్గా చెప్పింది. అదే కంప్యూటర్ నమూనాకు (మోడల్‌కు) బయట వేరే పరిస్థితుల్లో తీసిన ఫోటోలు ఇస్తే 31 శాతం దగ్గరికి పడిపోయింది. ఆ మాట పేపర్ రాసినవాళ్లే దాచకుండా రాశారు, అది వాళ్ల నిజాయితీ. కారణం సులభం. ఆ ఫోటోల్లో ఒక్కొక్క ఆకును కోసి, సాదా నేపథ్యం మీద పెట్టి తీశారు. మన చేలో ఒక ఆకు మీద ఇంకో ఆకు నీడ, వెనక మట్టి, గాలికి ఊగే కొమ్మ, మందు తాలూకు తెల్లటి మరక ఉంటాయి. మీ దగ్గరికి వచ్చినవాళ్లు 99 శాతం అన్న మాట ఎత్తితే, ఆ 31 సంగతి మీరు గుర్తుచేయండి. వాదనకు కాదు, "పరీక్ష ఫోటోలు వేరే మండలం నుంచి, వేరే సంవత్సరం నుంచి తెద్దాం" అన్న షరతు మొదటిరోజే ఒప్పించడానికి.

వేరే సంవత్సరం అని ఎందుకంటున్నానో మిరప రైతుల్ని అడిగితే చెబుతారు. 2021 పంట కాలంలో గుంటూరు, ఖమ్మం, వరంగల్ వైపు మిరపను నల్ల తామర పురుగు ముంచేసింది. మన దేశంలో 2015లో బొప్పాయి మీద మొదట కనిపించిన పురుగు అది. పాత తామర పురుగులా ఆకుతో సరిపెట్టుకోకుండా పూలలో గుంపులుగా చేరింది. పూత రాలిపోయింది, కాయ నిలవలేదు. 2020 దాకా తీసిన ఆకుల ఫోటోలతో ఎంత గొప్ప నమూనా తయారుచేసినా ఆ ఏడాది దానికి ఏమీ తెలిసేది కాదు, ఎందుకంటే ఎవరూ పూవు ఫోటో తీసి ఉండరు. చేలో ఏది చూడాలన్నది ఏటా మారుతుందని చెప్పగలిగేది మీరే. మీ సీనియర్లు "ఎండ మనది, పేపర్ వాళ్లది" అంటున్నారు చూడండి, ఫోటోలు తీసిపెట్టే మనిషిగా వెళ్తే వాళ్లన్నది నిజమవుతుంది. ఏది చూడాలో నిర్ణయించే మనిషిగా వెళ్లండి.

రెండు శాఖలు కలిస్తే ఏమవుతుందో చూపించడానికి నేను విద్యార్థులకు ఎప్పుడూ చెప్పే ఉదాహరణ మన ఇళ్లలో రోజూ వండుకునే బియ్యమే. బీపీటీ 5204, సాంబా మసూరి. బాపట్లలో తయారై 1986లో విడుదలైన రకం. సన్నగింజ, వండితే విడివిడిగా, మెత్తగా ఉంటుంది, మిల్లరూ గృహిణీ ఇద్దరూ మెచ్చారు. కానీ ఎండాకు తెగులును అస్సలు తట్టుకోదు. తుఫాను గాలికి ఆకులు రాసుకుని చీలితే, ఆ చీలికల్లోంచి బ్యాక్టీరియా దిగి, ఆకు కొస నుంచి గడ్డిరంగులో ఎండుకుంటూ వస్తుంది. దానికి నమ్మకమైన మందు లేదు. అంటే తట్టుకునే గుణం విత్తనంలోనే ఉండాలి.

హైదరాబాద్‌లో సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర కేంద్రం), అప్పటి వరి పరిశోధన డైరెక్టరేట్ (ఇప్పటి భారతీయ వరి పరిశోధన సంస్థ) కలిసి ఆ పని చేశాయి. ఒకటి హబ్సిగూడలో, ఇంకొకటి ఊరికి ఆ చివర రాజేంద్రనగర్‌లో. సీసీఎంబీ వైపు రమేశ్ సొంటి, వరి సంస్థ వైపు ఆర్.ఎం. సుందరం, వాళ్ల బృందాలు. ఎక్స్‌ఏ21, ఎక్స్‌ఏ13, ఎక్స్‌ఏ5 అనే మూడు జన్యువుల్ని సాంబాలోకి తెచ్చారు. ఎక్స్‌ఏ21 ఆఫ్రికాలోని అడవి వరి నుంచి వచ్చింది, దాన్ని వేరుచేసి చదివింది 1995లో కాలిఫోర్నియాలో పమేలా రొనాల్డ్ బృందం. అంతదూరం నుంచి వచ్చిన జన్యువు చివరికి మన కృష్ణా, గోదావరి మడుల్లో దిగాలంటే రెండు సంస్థలు ఎందుకు కలవాల్సి వచ్చిందో చూడండి, ఇక్కడే అసలు సంగతి ఉంది.

మూడింట్లో ఎక్స్‌ఏ13, ఎక్స్‌ఏ5 అంతర్గత జన్యువులు. రెండు ప్రతులూ ఉంటే తప్ప మొక్క తెగులును తట్టుకోదు. సాంబా గింజ గుణం పోకూడదు కాబట్టి వచ్చిన సంతానాన్ని మళ్లీ మళ్లీ సాంబాతోనే సంకరం చేస్తూ పోవాలి. అలా చేసిన ప్రతి తరంలోనూ ఆ జన్యువులు ఒక్కొక్క ప్రతిగానే ఉంటాయి, చేలో కంటికి కనపడవు. ఇంకో చిక్కు, ఎక్స్‌ఏ21 ఒక్కటి ఉన్నా మొక్క బాగానే కనిపిస్తుంది, మిగతా రెండూ ఉన్నాయో లేవో రోగాన్ని చూసి చెప్పలేం. కాబట్టి కొత్త రకాలు తయారుచేసే బ్రీడర్‌కు ఎంత అనుభవం ఉన్నా, ఆయన కన్ను అక్కడ ఆగిపోతుంది. నారు దశలోనే ఆకు ముక్క కోసి, డీఎన్‌ఏ తీసి, మార్కర్లతో (జన్యువు ఉందో లేదో చూపే డీఎన్‌ఏ గుర్తులతో) చూస్తేనే తెలుస్తుంది. అదీ పూత రాకముందే తేలాలి, ఎందుకంటే పూత వచ్చినప్పుడే సంకరం చేయాలి. ల్యాబ్ ఫలితం వారం ఆలస్యమైతే ఒక పంట కాలం పోతుంది. ల్యాబ్ వాళ్లు వరి గడియారం ప్రకారం పనిచేయాల్సి వచ్చిందన్నమాట.

రెండో వైపు చూస్తే, మార్కర్ "ఉంది" అన్నంత మాత్రాన సరిపోదు. రోగం నిజంగా ఆగుతోందా? బ్యాక్టీరియా కలిపిన నీళ్లలో కత్తెర ముంచి, ఆకు కొస కత్తిరించి, రెండు వారాల తర్వాత ఎండిన మేర ఎన్ని సెంటీమీటర్లో స్కేలు పెట్టి కొలుస్తారు. ఇది మన తెగుళ్ల శాస్త్రం పని. నా చేతులతో వేల ఆకులు అలా కత్తిరించాను. మొక్క మొక్కకూ కత్తెర ముంచుకుంటూ, మధ్యాహ్నానికి వేళ్లు కాయలు కాస్తాయి. ఆ తర్వాత గింజ పొడవు, మిల్లింగ్, వండితే అన్నం ఎలా ఉందన్నది. అందులో సాంబాలా లేని వరసను, ఎన్ని జన్యువులున్నా, పక్కన పెట్టాల్సిందే. అంటే ల్యాబ్‌కూ మడికీ వంటకూ తలా ఒక "వద్దు" అనే హక్కు ఉంది. 2008లో ఇంప్రూవ్డ్ సాంబా మసూరి విడుదలైంది. తర్వాత తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో చూస్తే దాని గ్లైసీమిక్ ఇండెక్స్ (తిన్నాక రక్తంలో చక్కెర ఎంత వేగంగా పెరుగుతుందో చెప్పే అంకె) 51 దగ్గర తేలింది, అంటే తక్కువ కిందికి వస్తుంది. మొదట్లో దాని కోసం ఎవరూ పని మొదలుపెట్టలేదు. మూడో శాఖ వాళ్లు తమ కొలబద్దతో చూశారు కాబట్టి బయటపడింది.

మన దగ్గర ఇలా కలవడం ఎందుకింత కష్టమవుతోందంటే, కొంత చరిత్ర ఉంది. బాపట్ల కళాశాల 1945లో, రాజేంద్రనగర్ కళాశాల 1946లో మొదలైనప్పుడు అవి మామూలు విశ్వవిద్యాలయాల గొడుగు కిందే ఉండేవి. 1964లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడి వాటిని తన కిందికి తెచ్చుకుంది. దానివల్ల బోధన, పరిశోధన, విస్తరణ ఒకే చేతి కిందికి వచ్చాయి, రైతుకు చాలా మేలు జరిగింది, ఆ విషయంలో నాకు రెండో మాట లేదు. కానీ లెక్కలు, భౌతికశాస్త్రం, ఇంజినీరింగ్ చెప్పేవాళ్లతో ఒకే క్యాంటీన్‌లో టీ తాగే అవకాశం పోయింది. ఇప్పుడు ఆ టీ కోసం మీరు ఎంఓయూ (రెండు సంస్థల మధ్య ఒప్పంద పత్రం) రాయాల్సి వస్తోంది.

ఒకప్పుడు ఇది తలకిందులుగా ఉండేది. ఆధునిక గణాంకశాస్త్రంలో చాలా భాగం పుట్టింది చేలోనే. ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో 1843 నుంచి పోగుపడ్డ గోధుమ, ఎరువుల లెక్కలు తేల్చడానికి 1919లో రోనాల్డ్ ఫిషర్‌ను పెట్టుకున్నారు. మడులను చీటీ తీసినట్టు యాదృచ్ఛికంగా కేటాయించడం, ఒకే ప్రయోగాన్ని పలు మడుల్లో మళ్లీ చేసే రెప్లికేషన్లు, తేడాలు ఎక్కడినుంచి వచ్చాయో విడగొట్టి చూసే, మన విద్యార్థులు పరీక్షల్లో భయపడే అనోవా, అన్నీ అక్కడినుంచే వచ్చాయి. ఆయన 1938లో కలకత్తాలో మొదటి భారత గణాంక సదస్సులో అన్న మాట ఒకటుంది. ప్రయోగం అయిపోయాక గణాంకవేత్తను పిలవడమంటే శవపరీక్ష చేయమని అడగడమే, అది ఎందుకు చచ్చిపోయిందో మాత్రం ఆయన చెప్పగలడేమో అని. ఇవాళ గణాంకవేత్త స్థానంలో కంప్యూటర్ సైన్స్ వాళ్లనూ, వాళ్ల వైపు నుంచి చూస్తే మిమ్మల్నీ పెట్టి చదువుకోండి. ఫోటోలు తీయడం అయిపోయాక "లేబుళ్లు రాసిపెట్టండి సార్" అని వస్తే అది శవపరీక్షే. మొదటి ఫోటోకు ముందే పిలిచారంటే అదృష్టం. మిమ్మల్ని ప్రపోజల్ దశలోనే పిలిచారు, అందుకే వెళ్లమంటున్నాను.

నాది చెడిన ప్రాజెక్టు సంగతి కూడా చెబుతాను. వేరుశనగలో మొదలుకుళ్లు, నేల తేమ, ఉష్ణోగ్రతల సంబంధం చూద్దామని ఒక ఇంజినీరింగ్ కాలేజీతో కలిశాం. వాళ్లు మంచి సెన్సర్లు తయారుచేశారు, పావుగంటకోసారి తేమ, వేడి రాసుకుంటాయి. నేల కింద వైర్లు వేసి, పెట్టి వెళ్లారు. ఆ వైర్లు ఎక్కడున్నాయో నేను మా ఫీల్డ్ అసిస్టెంటుకు చెప్పానే కానీ, గుంటక తోలే మనిషికి చెప్పలేదు. మూడో వారం అంతరకృషిలో సగం వైర్లు తెగాయి. మిగిలిన సగంలో లెక్కలు చక్కగా వచ్చాయి. కానీ చచ్చిన మొక్కల్ని మేం వారానికోసారి లెక్కపెట్టాం, అదీ మడికి మొత్తంగా. వాళ్ల దగ్గర పావుగంట లెక్క, మా దగ్గర వారం లెక్క. వాళ్ల సెన్సర్ ఉన్నది ఒక మూల, మా చచ్చిన మొక్కలు మడి అంతటా. రెండూ కలపడానికి దారే లేదు. పైగా తడి పెట్టిన తేదీలు రెండుచోట్ల నేను రాసుకోలేదు. ఆ ఇంజినీరింగ్ అమ్మాయి, పీహెచ్‌డీ విద్యార్థిని, నాలుగు నెలల లెక్కలు ముందు పెట్టుకుని "సార్, ఈ రోజు తేమ ఒక్కసారి పెరిగింది, వానా, తడా?" అని అడిగితే నేను జవాబు చెప్పలేకపోయాను. ఆ అమ్మాయి ముఖం ఇప్పటికీ గుర్తొస్తుంది. వాళ్ల తప్పు ఒక్కటీ లేదు. సెన్సర్ చుట్టూ రెండు మీటర్ల చదరం గీసి, అందులోని మొక్కల్ని రోజు విడిచి రోజు లెక్కపెట్టి ఉంటే ఆ పని బతికేది. ఆ మాట మొదటిరోజు అరగంటలో తేలిపోయేదే.

ఇక మీరడిగిన గొడవల సంగతి. వీటిలో చాలావరకు మనుషుల స్వభావం వల్ల రావు, క్యాలెండర్ల వల్ల వస్తాయి. మిరప నారు జూలైలో, నాట్లు ఆగస్టులో, ముడత బాగా కనిపించేది అక్టోబరు తర్వాత. ఇంజినీరింగ్ విద్యార్థులకు మొదటి రివ్యూ సెప్టెంబరులోనో అక్టోబరులోనో ఉంటుంది. అప్పటికి చేలో జబ్బే ఉండదు. చూపించడానికి ఏదో ఒకటి కావాలి కాబట్టి ఇంటర్నెట్‌లోంచి ఫోటోలు దించుకుంటారు, ఇక అక్కడినుంచి ప్రాజెక్టు ఆ ఫోటోల చుట్టే తిరుగుతుంది. పిల్లల్ని తప్పుపట్టి లాభం లేదు. ఈ ఏడాది పంటలో ఫోటోలు, వచ్చే ఏడాది బ్యాచ్‌తో నమూనా, ఆ ఏడాది చేలో పరీక్ష అని ముందే రెండు కాలాలకు విడగొట్టండి. మన వైపు కూడా ఇబ్బంది ఉంది. ఎమ్మెస్సీ విద్యార్థికి పరిశోధనకు దక్కేది దాదాపు ఒకే ఒక వానాకాలం. ఆ కాలం వాళ్ల సెన్సర్ రాలేదని, సర్వర్ పనిచేయలేదని పోతే ఆ పిల్లవాడి థీసిస్ పోతుంది. కాబట్టి మీ విద్యార్థి థీసిస్‌ను వాళ్ల పరికరం మీద ఆధారపడేలా పెట్టకండి. భూతద్దం, ఫీల్డ్ బుక్‌తోనే పూర్తయ్యే పని అతనికి ఇవ్వండి, ఫోటోలు దానికి అదనం.

డబ్బు విషయంలో ఒకే ఒక్క సలహా. బడ్జెట్ వాళ్లు రాస్తే అందులో కంప్యూటర్లు, గ్రాఫిక్ కార్డులు, ప్రయాణాలు ఉంటాయి, కూలీలు ఉండరు. అంతకంటే ముఖ్యమైనది ఇంకోటి మరిచిపోతారు. తెగులు ఫోటోలు కావాలంటే కొంత మడిలో మందు కొట్టకుండా వదలాలి. రైతు చేలో వదిలితే ఆ నష్టం ఎవరిది? ఆ నష్టపరిహారం బడ్జెట్‌లో ఒక వరుసగా ఉండాలి, చేను తీసుకునే ముందే రైతుతో కాగితం మీద రాసుకోవాలి. మార్చి 31కి ఖర్చు చూపించి యూసీ (వినియోగ ధ్రువపత్రం) పంపాలి, మన ఆఖరి కోతలేమో అదే మార్చిలో ఉంటాయి. కూలీల డబ్బు ముందే విడిగా పెట్టించుకోకపోతే కోత రోజుల్లో చేతిలో పైసా ఉండదు. పెద్ద గ్రాంటు కోసం ఆగకండి కూడా. ఒక భూతద్దం, రెండు ఫోన్లు, పావు ఎకరం, ఒక పంట కాలం, ఇద్దరు హెచ్‌ఓడీల సంతకంతో ఒక ఉత్తరం చాలు మొదటి ఏడాదికి. ఆ లెక్కలు చేతిలో ఉంటే గ్రాంటు అడిగేటప్పుడు మీ మాటకు బరువుంటుంది.

పేర్ల దగ్గర మీ సీనియర్లు చెప్పింది కొంత నిజమే. మన ప్రమోషన్లకు నాస్ (జాతీయ వ్యవసాయ శాస్త్రాల అకాడమీ) రేటింగ్ ఉన్న జర్నళ్లు కావాలి, వాళ్లకు కాన్ఫరెన్సులు, స్కోపస్ జాబితాలోని జర్నళ్లు కావాలి. ఒకే పేపర్‌ను ఇద్దరూ పంచుకోవాలనుకుంటేనే చిక్కు. మొదటినుంచీ రెండు పేపర్లు అనుకోండి. లక్షణాలు, లెక్కలు, ఇద్దరు నిపుణులు ఎంతవరకు ఏకీభవించారన్నది మన జర్నల్‌లో, మీ విద్యార్థి మొదటి పేరు. నమూనా సంగతి వాళ్ల కాన్ఫరెన్సులో, వాళ్ల విద్యార్థి మొదటి పేరు. ఫోటోల సేకరణ మీద మీ పేరు, తీసిన పిల్లల పేర్లు ఉండాలి, దాన్ని ఎవరు ఎక్కడ వాడినా చెప్పి వాడాలని రాసుకోండి. ఈ నాలుగు వాక్యాలు ఒక ఈమెయిల్‌లో పెట్టి, "సరే" అన్న జవాబు తెప్పించుకోండి. ఎంఓయూ సంతకాలకు నెలలు పడుతుంది, ఈమెయిల్‌కు ఒక రోజు. ఒకవేళ విదేశీ విశ్వవిద్యాలయం కూడా చేరితే మాత్రం ఆకు నమూనాలు, వైరస్, విత్తనం ఏదీ పంపకముందే 2002 నాటి జీవవైవిధ్య చట్టం కింద చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ అనుమతి సంగతి మీ పరిశోధన కార్యాలయంలో అడగండి. మంచి ఉద్దేశంతో కవరులో పెట్టి పంపినా తప్పు తప్పే.

రైతు దగ్గరికి చేరే భాగం గురించి ఒక మాట. 2016లో కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలో అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్, మైక్రోసాఫ్ట్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి వేరుశనగ ఎప్పుడు వేయాలో 175 మంది రైతులకు చెప్పి చూశాయి. వెనక ఏళ్లనాటి వాతావరణ లెక్కలు, కంప్యూటర్ నమూనాలు ఎన్ని ఉన్నా, రైతు ఫోన్‌కు వెళ్లింది మామూలు తెలుగు ఎస్ఎంఎస్. మామూలు బటన్ ఫోన్ సరిపోయింది. దిగుబడి సగటున 30 శాతం పెరిగిందని వాళ్లు ప్రకటించారు. ఒక్క ఏడాది, ఒక్క మండలం లెక్క కాబట్టి ఆ అంకెను నేను మరీ గట్టిగా పట్టుకోను. కానీ చివరి మెట్టు మీద రైతుకు కావలసింది ఒకే వాక్యమని వాళ్లు గ్రహించారు, అది నాకు నచ్చింది. మీ ప్రాజెక్టు కూడా "తెగులు పేరు ఇదీ, నమ్మకం 87 శాతం" అని చూపిస్తే రైతుకు ఏం ఉపయోగం? ఆకు తిరగేసి ఇంకో ఫోటో తీయమనాలా, ఇవాళ మందు కొట్టొద్దనాలా, మొక్క పీకమనాలా అన్నది చెప్పాలి. ఆ వాక్యాలు రాయాల్సింది మీరు, ఇప్పుడే, నమూనా తయారవకముందే. అవి రాస్తుంటే ఏయే తెగుళ్లను తప్పక వేరుచేయాలో, ఏవి కలిపేసినా నష్టం లేదో మీకే తెలుస్తుంది. ఒకే మందు పనిచేసే రెండింటిని వేరుచేయలేదని బాధపడక్కర్లేదు. పై ముడత, కింది ముడత మాత్రం కలవకూడదు.

చేలోకి వెళ్లే రోజు ఉదయం ఏడింటికల్లా వెళ్లండి, ఎండెక్కితే ఆకులు వాడి అన్నీ ముడుచుకున్నట్టే కనిపిస్తాయి, ఫోటోకూ కంటికీ మోసమే. భూతద్దాలు మూడు పట్టుకెళ్లండి, ఒకదాని కోసం ముగ్గురు చేతులు చాపితే ఎవరూ సరిగా చూడరు. ఆ చేను రైతును, వీలైతే కలుపు తీసే ఆవిడల్లో పెద్దావిడను పక్కన ఉంచుకోండి. ఏ సాలులో ఎప్పుడు ముడత మొదలైందో వాళ్లకు గుర్తుంటుంది. ఫీల్డ్ బుక్‌లో మొదటిరోజు పెట్టే గడులు ఇవి చాలు: తేదీ, సమయం, సాలు, మొక్క సంఖ్య, నాటి ఎన్ని రోజులైంది, ఆఖరుసారి ఏ మందు ఎప్పుడు కొట్టారు, పై ఆకు కింద నల్లి ఎన్ని, తామర పురుగులు ఎన్ని, పూవు దులిపితే ఎన్ని, ముడత పైకా కిందికా రెండూనా, ఫోటోల సంఖ్యలు మూడు, చూసినవాళ్ల పేరు. పది మొక్కలు మీరు రాయండి, అవే పది మొక్కలు ఆ కంప్యూటర్ సార్‌ను రాయమనండి. తర్వాత గట్టు మీద కూర్చుని రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూడండి. ఎక్కడ తేడా వచ్చిందో చూశాక ఇంకా ప్రశ్నలుంటే ఆ రెండు కాగితాల ఫోటో తీసి ఇక్కడే పెట్టండి, నేను చూసి చెబుతాను.